కడపను తిప్పి చదివితే పడక

"మా పాపకు 5 ఏళ్ళు. అ నుంచి ఱ దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తుంది, మధ్యలో ఒక అక్షరం చూపిస్తే మాత్రం ఏడుపే. ఇంట్లో ఎట్లా నేర్పాలి?" అని అడిగినారు కదా. మూడేళ్ళ కింద మా ఇంట్లోనూ ఇదే బాధ. ఏ అక్షరం అడిగినా మా పిల్లోడు అ దగ్గర మొదలుపెట్టి లోపల్లోపల అనుకుంటా అక్కడికి వచ్చేవాడు. అది కంఠతా రావడమే గాని చదవడం కాదని నాకు తెలియక, కూర్చోబెట్టి దిద్దించినా. ఒకరోజు పలక బియ్యం డబ్బా వెనక దొరికింది. వాడే దాచిపెట్టినాడు. ఆ పూటతో దిద్దించడం మానేసినా.

మాది కడప. ఇంటి ముందర నల్లబండలు పరిచి ఉన్నాయి. తొక్కుడుబిళ్ళ ఆటకు గీసినట్టు బండకొక అక్షరం సుద్దముక్కతో రాసినా: క, డ, ప, ల, గ. ఐదే. గుణింతాలు, ఒత్తులు వద్దనుకున్నా. నేను పేరు చెప్తే వాడు ఆ బండ మీదికి దూకాల. తర్వాత వాడు చెప్తాడు, నేను దూకాల. నేను కావాలనే తప్పు బండ మీదికి దూకితే "అది ల! అది ల!" అని అరిచేవాడు. మనల్ని సరిదిద్దేటప్పుడే పిల్లలకు బాగా పట్టుబడుతుందని నా నమ్మకం. పది నిమిషాలు చాలు. ఇంకా ఆడదామని అడుగుతుండగానే ఆపేయండి.

మూడో రోజు క, డ, ప వరసగా రాసినా. దూకుతా చదివి "అమ్మా, మన కడప!" అన్నాడు. అటునుంచి వెనక్కి దూకితే పడక. క చెరిపి గ రాస్తే గడప. పలకను తిప్పి చదివితే కలప. ఆ సాయంత్రం వాణ్ణి లోపలికి తీసుకురావడమే కష్టమైంది.

ప, ష ఒకే వారంలో చెప్పొద్దండి, డ, ద కూడా అంతే. గుణింతాల దగ్గర ఇంకో చిక్కుంది. ప మీద ఉండే తలకట్టు పా, పి అయ్యేసరికి మాయమవుతుంది, పిల్లలకు అది వేరే అక్షరంలా కనపడుతుంది. "తలపాగా తీసేస్తేనే గుడి పెట్టేది" అని చెప్పి, తడిగుడ్డతో తలకట్టు వాడితోనే చెరిపించి, గుడి వాడితోనే పెట్టించినా.

తర్వాత బస్టాండుకు తీసుకుపోయినా. బస్సుల బోర్డులను మించిన వాచకం లేదు. ముందు కడప, తర్వాత రాయచోటి. ప్రొద్దుటూరు చివరికి ఉంచుకున్నాం, మొదటి అక్షరంలోనే క్రావడి, ఒత్వం రెండూ ఉన్నాయి, వెంటనే ద్దు. మీది అనంతపురం అన్నారు కాబట్టి కదిరి బస్సుతో మొదలుపెట్టండి.

ఒత్తులు నేను మొదలుపెట్టలేదు. ఒకరోజు బండ మీద "అవవ" అని రాసి మా అమ్మను పిలిచి చూపించినాడు, అవ్వ అని. తప్పని ఎవరం అనలేదు. "ఆ రెండో వను మొదటిదాని కాళ్ళ దగ్గర కూచోబెట్టు నాయనా" అంది మా అమ్మ. వాడు చెరిపి, వ కింద చిన్న వ రాసినాడు. వారం దాకా మా అమ్మ ఆ బండ మీద నీళ్ళు పోయనియ్యలేదు.