20 నెలల బాబుకు మాటలు రాలేదు, బెంగళూరులో ముందు ఎక్కడ చూపించాలి?

బాబుకు 20 నెలలు నిండినా ఒక్క మాటా రాలేదని, పిలిస్తే ఒకసారి చూసి ఒకసారి చూడడని, "వాళ్ళ నాన్నకూ మూడో ఏట గాని మాటలు రాలేదు, కంగారు పడకండి" అని మీ అత్తగారు అంటున్నారని రాశారు. మీరుండేది రామమూర్తినగర్, మేముండేది హొరమావు. మా అమ్మాయికి దాదాపు ఇదే వయసులో వినికిడి లోపం ఉందని తేలింది. అందుకే చెబుతున్నాను, ఆగకండి. మాటలు నేర్పే థెరపీ సెంటర్ల ఫీజులు కనుక్కోవడం తర్వాత, ముందు చెవుల పరీక్ష చేయించండి.

బాబు కుక్కర్ కూతకు ఉలిక్కిపడతాడు కాబట్టి వినికిడి బాగానే ఉందని ఎవరైనా అంటే నమ్మవద్దు. మా అమ్మాయీ గేటు చప్పుడైతే తల తిప్పేది. లోపం ఒక మోస్తరుగా ఉన్న పిల్లలకు పెద్ద చప్పుళ్ళు వినిపిస్తాయి, మాటల్లోని 'స', 'ఫ' లాంటి సన్నని ధ్వనులు అందవు. సగం సగం విన్న మాటను పసివాళ్ళు తిరిగి ఎలా పలుకుతారు? పుట్టినప్పుడు ఓఏఈ పరీక్షలో (చప్పుడుకు లోపలి చెవి స్పందిస్తోందో లేదో చూసేది) పాసైన కాగితం మీ దగ్గర ఉన్నా మళ్ళీ చేయించవలసిందే. కొన్ని లోపాలు తర్వాత బయటపడతాయి. జలుబు చేసి కర్ణభేరి వెనక నీరు చేరినా వినికిడి తగ్గుతుంది, దానికి మంచి వైద్యం ఉంది. లోపం పుట్టుకతో వచ్చినదైతే నెలలోపు పరీక్ష, మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకు వైద్యం మొదలు కావాలన్నది వైద్యులు పెట్టుకున్న లెక్క. ఆ గడువు దాటిందని దిగులు వద్దు గాని, ఇంకో పండగ వెళ్ళాక చూద్దామని మాత్రం అనుకోవద్దు.

మీకు దగ్గరలోనే, లింగరాజపురంలో డాక్టర్ ఎస్.ఆర్. చంద్రశేఖర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఉంది. వినికిడి, మాట రెండూ ఒకే చోట చూస్తారు. చెవులు బాగున్నాయని తేలితే ఎదుగుదల సంగతి చూసే పిల్లల డాక్టరును కలవండి. 16 నుంచి 30 నెలల పిల్లల్లో ఆటిజం సూచనలు ఉన్నాయేమో చూడడానికి 20 ప్రశ్నల ఎం-చాట్ అనే పట్టిక ఉంది. కావలసిన వస్తువును వేలితో చూపిస్తాడా, మీరు చూపిన వైపు చూస్తాడా వంటివి అడుగుతారు. అందులో అనుమానం వచ్చినంత మాత్రాన ఆటిజం అని కాదు, ఇంకా వివరంగా చూడాలని అర్థం. పిల్లల ఆసుపత్రి ఇందిరాగాంధీ శిశు ఆరోగ్య సంస్థ, మెదడు, మానసిక వైద్యం చూసే నిమ్హాన్స్ రెండూ హోసూరు రోడ్డు వైపే. రద్దీ ఎక్కువే, అయినా నిర్ధారణ కోసం ఆ ప్రయాణం పెట్టుకోవచ్చు.

వారం వారం థెరపీకి మాత్రం ఎంత పేరున్న చోటైనా సరే, దూరమైతే వద్దు. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో నలిగి వెళ్ళిన పసివాడు థెరపిస్టు ముందు ఏడవడం తప్ప ఏమీ చేయడు. అసలు పని జరిగేది ఇంట్లో కదా. బాబు కళ్ళకు ఎదురుగా కూర్చోవడం, "పాలా? నీళ్ళా?" అని రెండూ చూపించి ఆగడం, వాడు వేలు చూపినా ఊఁ అన్నా జవాబుగా తీసుకుని ఆ మాటను మనం పలకడం. ఆగడమే కష్టం, మన నోరు ఊరుకోదు! దాన్ని నేర్పే మనిషి ఆటోలో వెళ్ళేంత దూరంలో దొరికితే చాలు. కదలికల్లోనూ వెనకబాటు ఉంటే ఇందిరానగర్‌లో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ కర్ణాటక ఉంది. చేతిలో డబ్బు ఆడకపోతే అంగన్‌వాడీలో అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అక్కడికి వచ్చి పిల్లల్ని చూసి, అవసరమైతే ఉచిత వైద్యానికి పంపిస్తాయి.

భాష గురించీ చెప్పాలి. ఒక ప్రైవేటు సెంటరులో మమ్మల్ని తెలుగు మానేసి ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమన్నారు. బయట కన్నడం, ఇంట్లో తెలుగు ఉంటే పాపకు గందరగోళమట! రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావని పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. మా అత్తగారికి ఇంగ్లీషు రాదు. రోజంతా పాపతో ఉండేది ఆవిడే. ఆవిడ నోరు కట్టేస్తే పాపతో ఇంకెవరు మాట్లాడతారు? మేము సెంటరు మార్చాం. కొత్త థెరపిస్టు కన్నడిగురాలు, వచ్చీ రాని తెలుగుతోనే అత్తగారిని ఎదురుగా కూర్చోబెట్టి నేర్పింది. మీ అత్తగారినీ వెంట తీసుకెళ్ళండి, ఆవిడ బెంగ కూడా తీరుతుంది.

ఓఏఈలో తేడా వస్తే బెరా పరీక్ష రాస్తారు, చప్పుడు చెవి నుంచి మెదడుకు చేరుతోందో లేదో అందులో తెలుస్తుంది. దానికి బాబు నిద్రలో ఉండాలి. కాబట్టి మధ్యాహ్నం నిద్రవేళకు అపాయింట్‌మెంట్ అడగండి, ఆ రోజు పెందలాడే లేపండి, దారిలో కునుకు తీయనివ్వకండి. పాల సీసా, వాడు పట్టుకుని పడుకునే దుప్పటి వెంట ఉంచుకోండి. జలుబు ఉంటే ముందే ఫోను చేసి తేదీ మార్చుకోవాలేమో కనుక్కోండి.