పులికాట్ పక్షుల కోసం చదువుతానంటోంది, ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మాది సూళ్ళూరుపేట. అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. శ్రీహరికోట రోడ్డు పక్కన ఫ్లెమింగోలను చూస్తూ పెరిగింది. ఇప్పుడు నీట్ రాయను, పులికాట్‌ను, అక్కడి పక్షులను కాపాడే చదువే చదువుతానంటోంది. వాళ్ళ నాన్న అది ఉద్యోగమే కాదంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీవారి భయం అర్థమైంది. అది ఉద్యోగమే కాదన్న మాటతో మాత్రం నేను ఏకీభవించను. ఉద్యోగాలున్నాయి, కాకపోతే తక్కువ. అందులో మీ అమ్మాయి ఊహించుకుంటున్న పని ఇంకా తక్కువ. కోర్సు మాట తర్వాత చెబుతాను, ముందు ఆ పని ఏమిటో చూద్దాం.

పులికాట్ 1976 నుంచి పక్షుల అభయారణ్యం. మన దేశపు ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తర్వాత ఇదే పెద్దది. అక్కడ పక్షిని వేటగాడి నుంచి కాపాడటం పనిలో ఒక చిన్న భాగమే. ఫ్లెమింగో నిలబడి మేయాలంటే నీళ్ళు మోకాలి లోతు దాటకూడదు. ఆ నీళ్ళలో సన్నని పురుగూ నాచూ ఉండాలి. అవి ఉండాలంటే నీళ్ళలో ఉప్పు శాతం సరిగ్గా కుదరాలి. అది కుదరాలంటే కాళంగి, ఆరణి నదుల నీళ్ళు ఒకవైపు నుంచి, సముద్రం ఇంకోవైపు నుంచి రావాలి. రాయదొరువు, తూపిలిపాళెం దగ్గర ముఖద్వారాలు ఇసుకతో పూడితే ఎండాకాలంలో నీళ్ళు ఇగిరిపోతాయి, రొయ్య, చేప తగ్గుతాయి. ఆ దెబ్బ మొదట తగిలేది జాలర్ల ఇళ్ళకు.

ఒడిశాలో చిలికాకు ఇలాంటి జబ్బే వచ్చింది. 1993లో అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందం వాళ్ళు దాన్ని ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2000లో సముద్రంలోకి కొత్త ముఖద్వారం తవ్వాక ఉప్పూ చేపా తిరిగొచ్చాయి, 2002లో ఆ జాబితా నుంచి పేరు తీసేశారు. ఆ పనిలో నీటి లెక్కలు కట్టినవాళ్ళు, చేపల శాస్త్రం తెలిసినవాళ్ళు, ఊళ్ళలో కూర్చుని మాట్లాడగలిగినవాళ్ళు అందరూ కావలసివచ్చింది. మీ దగ్గర్లోని నేలపట్టు పక్షుల అభయారణ్యాన్నే చూడండి. గూడబాతుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి ఎరువని నమ్మి ఆ ఊరివాళ్ళే వాటిని కాపాడుకుంటూ వచ్చారు. ఊరు కలిసిరాకుండా ఏ అభయారణ్యమూ నిలవలేదు. అందుకే మీ అమ్మాయిని నేను మొదట అడిగేది ఒక్కటే: పక్షి దగ్గర ఉండాలనుందా, నీటి దగ్గరా, మనుషుల దగ్గరా?

పక్షి అంటే దారి పరిశోధన. మీ జిల్లాలోనే తిరుపతి ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఉంది, అక్కడ పక్షుల మీద పనిచేసే పరిశోధకులూ ఉన్నారు. ఐదేళ్ళ బీఎస్-ఎంఎస్‌కు ఐఏటీ అనే ప్రవేశపరీక్ష రాయాలి. అందులో లెక్కల ప్రశ్నలూ ఉంటాయి కాబట్టి బైపీసీ పిల్లలు ముందే సిద్ధపడాలి. అది కుదరకపోతే జువాలజీ మేజర్‌గా డిగ్రీ చేసి, తర్వాత డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థలోనో బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలోనో వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీకి ప్రయత్నించవచ్చు. సీట్లు చాలా తక్కువ. జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన విద్యార్థి భృతి) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్. రాకపోతే ప్రాజెక్టు ఉద్యోగాలు, ఏడాదికో రెండేళ్ళకో అయిపోయేవి. ముప్ఫై ఏళ్ళు దాటేదాకా స్థిరత్వం రాకపోవచ్చని మీవారికి ముందే చెప్పండి.

నీరూ చేపా అంటే ముత్తుకూరు మత్స్య కళాశాలలో నాలుగేళ్ళ బీఎఫ్‌ఎస్సీ, అంటే మత్స్యశాస్త్ర డిగ్రీ. ప్రవేశం ఏపీ ఈఏపీసెట్ ద్వారా. ఉపాధి పరంగా వీటిలో నాకు ఇదే గట్టిది అనిపిస్తుంది. కోస్తా అంతా రొయ్యల చెరువులూ మత్స్యశాఖా ఉన్నాయి, సరస్సు గురించిన అసలు జ్ఞానమూ వస్తుంది. ఒక మెలిక మాత్రం ఉంది: యూపీఎస్సీ నిర్వహించే ఐఎఫ్‌ఎస్‌కు (భారత అటవీ సర్వీసుకు) అర్హమైన డిగ్రీల జాబితాలో జువాలజీ, బాటనీ, పశువైద్యం, వ్యవసాయం, ఫారెస్ట్రీ ఉన్నాయి గానీ ఫిషరీస్ పేరు లేదు. అమ్మాయికి అటవీ అధికారి కావాలని ఉంటే కోర్సు ఎంచుకునే రోజునే ఆ నోటిఫికేషన్ చదవండి. డిగ్రీ అయ్యాక తెలుసుకుని నా ముందు కన్నీళ్ళు పెట్టుకున్న పిల్లల్ని చూశాను.

ఇక మనుషుల దగ్గర అంటే అటవీశాఖ దారి. ఐఎఫ్‌ఎస్‌లో ఏటా దేశం మొత్తానికి కొద్ది పోస్టులే ఉంటాయి. దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఏపీపీఎస్సీ ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్, ఫారెస్ట్ సెక్షన్ ఆఫీసర్ పరీక్షలూ వరసలో పెట్టుకోవాలి. వీటికి నడక పరీక్ష ఉంటుంది. ఐఎఫ్‌ఎస్‌లో అమ్మాయిలు నాలుగు గంటల్లో 14 కిలోమీటర్లు నడవాలి, అది ఇప్పటినుంచే అలవాటు చేసుకోవచ్చు.

ఏ దారిలో వెళ్ళినా గణాంకాలు, ఉపగ్రహ చిత్రాలు చదవడం నేర్చుకోమనండి. ప్రేమ ఉన్న పిల్లలు చాలామంది వస్తారు, లెక్క తెలిసినవాళ్ళు కొద్దిమందే.

ఇక ఈ జనవరి మాట. ఆసియా నీటిపక్షుల గణన ఏటా ఆ నెలలోనే జరుగుతుంది, స్వచ్ఛందంగా పాల్గొనవచ్చు. సూళ్ళూరుపేటలో అటవీశాఖ కార్యాలయంలో అడిగి అమ్మాయిని పంపండి. తెల్లవారుజామున బురదలో నిలబడి, ఒకే గుంపును మూడుసార్లు లెక్కపెట్టి, అంకె కుదరక నాలుగోసారి లెక్కపెట్టాలి. సాయంత్రం ఇంటికొచ్చి మళ్ళీ రేపు వెళ్తానందా, లేదా అన్నది చూడండి. మీవారు కూడా ఆ రోజు ఆమె వెంట ఉంటే బాగుంటుంది. ఈలోగా ఐఏటీకి, ఈఏపీసెట్‌కు నోటిఫికేషన్లు రాగానే రెండింటికీ దరఖాస్తు చేయించండి. గడువు దాటితే ఏడాది పోతుంది.