కాలేజీ చూడ్డానికి వెళ్తే రికార్డు పుస్తకం అడుగు

చి. వెన్నెలకు, అత్తయ్య ఆశీస్సులు.

ప్రభుత్వ కాలేజీలో బయాలజీ డిగ్రీ చేరాలా వద్దా అని అడిగావు. బిల్డింగు పాతదని మీ నాన్న నసుగుతున్నాడట. వాడికి చిన్నప్పట్నుంచీ పై మెరుగులే కనిపిస్తాయి, పట్టించుకోకు. బయాలజీ డిగ్రీ సంగతి తేలేది ల్యాబులో. వారానికి ఇన్ని గంటల ప్రాక్టికల్స్ అని టైంటేబుల్లో అందరూ వేస్తారు. అవి నిజంగా జరుగుతున్నాయా లేదా అన్నదే నువ్వు తేల్చుకోవాలి.

అక్కడ చదువుతున్న సీనియర్లను ఇద్దరు ముగ్గుర్ని పట్టుకుని జెనెటిక్స్ రికార్డులు చూపించమని అడుగు. అందులో మెండెల్ నిష్పత్తి ప్రయోగం ఉన్న పేజీ తియ్యి, అంటే రెండో తరంలో ఒక లక్షణం మూడు వంతులు, ఇంకోటి ఒక వంతు రావాలనే లెక్క. మెండెల్ 1866లో అచ్చువేసిన లెక్కల్లో గుండ్రటి బఠాణీ గింజలు 5,474, ముడతలు పడ్డవి 1,850. భాగిస్తే 2.96 వస్తుంది, సరిగ్గా మూడు రాదు. అయినా ఆయన లెక్కలు మొత్తం మీద మరీ చక్కగా కుదిరాయని ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త 1936లో అనుమానపడ్డాడు. మరి నువ్వు చూసే రికార్డుల్లో ప్రతి ఒక్కరికీ సరిగ్గా 75, 25 వచ్చి ఉంటే? పాత రికార్డు చూసి దింపేశారు, అంతే. అలా కాకుండా ఒకరికి 71, 29, ఇంకొకరికి 80, 20 వచ్చి, కింద కై-స్క్వేర్ (ఆ తేడా కేవలం యాదృచ్ఛికమేనా అని చూసే లెక్క) వేసి, తేడా ఎందుకొచ్చిందో రెండు ముక్కలు రాసి ఉంటే, దాని పక్కన లెక్చరర్ ఎర్ర ఇంకుతో ఓ ప్రశ్న కూడా వేసి ఉంటే, ఆ డిపార్ట్‌మెంట్లో చదువు నడుస్తున్నట్టే. ఆ ప్రయోగం ఈగల్ని పెంచి చేశారా, వాటి బదులు రంగు పూసలు ఏరి చేశారా అన్నది తర్వాతి మాట.

అలాగే ఉల్లి వేరుకొనతో కణవిభజన ఎవరు చేశారో అడుగు. పెట్టెలోంచి తీసిన రెడీమేడ్ స్లైడు చూశామంటే ఒక రకం. ఉల్లిగడ్డ అడుగు నీటికి తగిలేలా గ్లాసు మీద పెట్టి వేళ్లు రానిచ్చి, కొనలు కోసి, ఎసిటోకార్మిన్ రంగు పట్టించి, కవర్‌స్లిప్ మీద బొటనవేలితో నొక్కామంటే ఇంకో రకం. మొదటిసారి చేసినవాళ్లకు కణాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ముద్దగా కనిపిస్తాయి. నాలుగైదు స్లైడ్లు పాడయ్యాక ఓ మూల క్రోమోజోములు విడివిడిగా దొరుకుతాయి. ఆ తిప్పలు పడ్డవాళ్లు చెప్పే తీరే వేరు, నీకే తెలిసిపోతుంది.

ఖరీదైన యంత్రాలు చూసి మురిసిపోకు. ప్రభుత్వ కాలేజీలకు యంత్రం కొనడానికి ఒకేసారి గ్రాంటు రావచ్చు. ఏటేటా రసాయనాలకు కావలసిన డబ్బు దగ్గరే పేచీ వస్తుంది. డీఎన్ఏ ముక్కకి నకళ్లు తీసే పీసీఆర్ యంత్రం ఉంటే సరిపోదు, నకలు ఎక్కడ మొదలవ్వాలో చూపే ప్రైమర్లు కావాలి, నకలు తీసే టాక్ ఎంజైము కావాలి, ఆ ఎంజైము దాచడానికి మైనస్ 20 డిగ్రీల ఫ్రీజరు కావాలి. యంత్రం పక్కన లాగ్‌బుక్ ఉంటుంది. చివరిసారి ఎప్పుడు వాడారో చూడు. మైక్రోస్కోపుకి 100ఎక్స్ లెన్సు ఉండి, ఆ లెన్సుకీ స్లైడుకీ మధ్య వెయ్యాల్సిన ఇమ్మర్షన్ ఆయిల్ సీసా ఎక్కడా కనబడకపోతే ఆ లెన్సు అలంకారానికే. ఇలాంటివన్నీ ప్రిన్సిపాల్ కంటే ల్యాబ్ అటెండరుకే బాగా తెలుసు. ఆయనతో మర్యాదగా మాట్లాడు, ఉన్నదున్నట్టు చెప్తాడు.

టీచర్ల విషయంలో డాక్టరేట్లు లెక్కపెట్టడం అనవసరం. ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయో, కిందటి సెమిస్టరులో ఏ పేపరు ఎవరు చెప్పారో అడుగు. గెస్ట్ లెక్చరర్లు తక్కువేం కాదు, చాలామంది ప్రాణం పెట్టి చెప్తారు. కానీ మధ్యలో వాళ్లు మారిపోతే సిలబస్ సగంలో ఆగేది నీకే. పాత ప్రభుత్వ కాలేజీల్లో ఒక్కోచోట మంచి హెర్బేరియం, అంటే ఎండబెట్టి షీట్లకి అంటించిన మొక్కల సేకరణ, ఉంటుంది. బీరువా తెరిపించి షీట్ల మీద తేదీలు చూడు. అన్నీ మీ నాన్న పుట్టకముందువే అయితే ఈ మధ్య పిల్లల్ని ఫీల్డుకి తీసుకెళ్లినట్టు లేదు.

సబ్జెక్టుల కాంబినేషన్ తొందరపడి ఎంచుకోకు. కెమిస్ట్రీ వదిలేస్తే తర్వాత బయోకెమిస్ట్రీ వైపు వెళ్లడం కష్టమవుతుంది. స్టాటిస్టిక్స్ ఒక్క పేపరైనా ఉండాలి. లెక్కలంటే టెన్షన్ అని బయాలజీకి వస్తున్నావని నాకు తెలుసులే, అయినా తప్పదు.

పూర్వ విద్యార్థుల్లో టాపర్ల ఫొటోలు గోడ మీదే ఉంటాయి. నువ్వు అడగాల్సింది సగటు మార్కులతో పాసైనవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారని.

ప్రాక్టికల్స్ ఉన్న రోజు కనుక్కుని ఆ పూటే వెళ్లు. వీలైతే రికార్డు పేజీలు నాలుగు ఫొటో తీసి పంపు, నేనూ చూస్తాను. మీ నాన్నతో నేను మాట్లాడతాను.

అత్తయ్య