నాన్నగారికి బర్బన్ కానుక: ఏ సీసా కొనాలి, విజయవాడ దాకా ఎలా తేవాలి?

ప్రశ్న: మాది విజయవాడ. అమెరికాలో ఒహైయో రాష్ట్రం కొలంబస్‌లో హెచ్‌-1బీ వీసా మీద ఉద్యోగం చేస్తున్నాను. మా నాన్నగారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. త్వరలో ఆయనకు 70 ఏళ్లు నిండుతాయి. పండక్కో పబ్బానికో రెండు పెగ్గులు పుచ్చుకోవడం తప్ప వేరే అలవాటు లేదు. ఆయనకు మంచి పాత బర్బన్ (అమెరికన్ విస్కీ) ఒకటి ఇవ్వాలని నా కోరిక. ఫేస్‌బుక్ గ్రూపులో ఒకతను 20 ఏళ్ల పాపీ వాన్ వింకిల్ అనే అరుదైన బర్బన్ అమ్ముతానంటున్నాడు. వేల డాలర్లు నగదుగా ఇమ్మంటున్నాడు, బిల్లు ఉండదట. కొని ఇక్కణ్నుంచే పార్శిల్ చేసెయ్యమని ఒక మిత్రుడి సలహా. ఇందులో చట్టపరంగా ఇబ్బంది ఏమైనా ఉందా? హైదరాబాద్‌లో దిగి కారులో విజయవాడ వెళ్తాను.

జవాబు: ఆ ఫేస్‌బుక్ సీసా కొనకండి. పార్శిల్ ఆలోచన కూడా మానుకోండి. లైసెన్సున్న దుకాణంలో కొని, బిల్లు దగ్గర పెట్టుకుని, మీ చెక్-ఇన్ బ్యాగులో మీరే తెచ్చి నాన్నగారి చేతికివ్వండి. అమెరికాలో మీకు అడ్డంకి ఉండదు. గట్టిగా జాగ్రత్త పడాల్సింది ఒక్క చోటే, తెలంగాణ దాటి ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెట్టేటప్పుడు. దాని గురించి చివర్లో వివరంగా రాస్తాను.

ముందు అమ్మేవాడి సంగతి. అమెరికాలో లైసెన్సు లేకుండా మద్యం అమ్మడం మామూలుగా ఏ రాష్ట్రంలోనైనా నేరమే. మీ ఒహైయోలో అయితే విస్కీ, బ్రాందీ లాంటి ఘాటు మద్యాన్ని రాష్ట్ర ప్రభుత్వమే కొని, తన తరఫున ఏజెన్సీ దుకాణాల ద్వారా అమ్మిస్తుంది. ధర కూడా ప్రభుత్వం నిర్ణయించిందే, రాష్ట్రమంతా ఒకటే. దొరకని సీసాలకు ప్రభుత్వమే లాటరీ పెడుతుంది. అలాంటి చోట ఒక ప్రైవేటు వ్యక్తి కారు డిక్కీలోంచి సీసా తీసి వేల డాలర్లకు అమ్ముతున్నాడంటే, ఆ లావాదేవీ మొదటి అడుగులోనే చట్టానికి బయట ఉంది. ఇలాంటి కేసుల్లో పోలీసులు మామూలుగా అమ్మేవాడి మీదే దృష్టి పెడతారు. కానీ మీరు వీసా మీద ఉన్నారు. ఎప్పుడైనా అరెస్టయ్యారా అని వీసా దరఖాస్తులోనూ అడుగుతారు, గ్రీన్‌కార్డు దరఖాస్తులోనూ అడుగుతారు. ఒక్క సీసా కోసం ఆ ప్రశ్నకు వివరణ రాసుకోవాల్సిన పరిస్థితి కొనితెచ్చుకోవద్దు. ఆ సీసా బాగాలేదని మీరు తిరిగి ఇంకొకరికి అమ్మితే, అప్పుడు లైసెన్సు లేకుండా అమ్మినవాళ్లు మీరే అవుతారు.

ఇంకో ప్రమాదం సీసాలోనే ఉంది. 2013లో కెంటకీలోని బఫెలో ట్రేస్ డిస్టిలరీలో 200కు పైగా పాపీ సీసాలు మాయమయ్యాయి. 2015లో ఆ వ్యవహారంలో తొమ్మిది మంది మీద అభియోగాలు నమోదయ్యాయి. ఖాళీ పాపీ సీసాలు కొని వాటిలో మామూలు విస్కీ నింపి అమ్మేవాళ్లూ ఉన్నారు. బిల్లు లేని సీసా దొంగసొత్తు కాదని, కల్తీ కాదని మీరు ఎలా చెప్పగలరు? మోసపోతే ఏ వినియోగదారుల ఫోరానికి వెళ్తారు? డెబ్బయ్యేళ్ల తండ్రికి ఇచ్చే వస్తువులో ఏముందో మనకే తెలియకపోవడం నా దృష్టిలో చట్టం కంటే పెద్ద సమస్య.

పాత సీసానే కావాలనుకుంటే చట్టబద్ధమైన దారి ఒకటుంది. కెంటకీలో 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, ఇప్పుడు మార్కెట్లో లేని పాత సీసాలను ప్రైవేటు వ్యక్తుల దగ్గర కొని తిరిగి అమ్మే వీలు లైసెన్సున్న దుకాణాలకు ఉంది. మీ రాష్ట్రంలోని సిన్సినాటి నుంచి నది దాటితే కెంటకీయే. ధర ఎక్కువే ఉంటుంది, కానీ బిల్లు ఇస్తారు. పక్క రాష్ట్రం నుంచి ఒహైయోలోకి ఒక మనిషి ఎంత మద్యం తెచ్చుకోవచ్చో దానికీ పరిమితి ఉంది కాబట్టి డజన్ల కొద్దీ మోసుకురాకండి.

ఇక ఏ సీసా కొనాలన్నది. ఇది నాలాంటి లాయర్‌ని అడిగే ప్రశ్నేనా అని మీకు అనిపించవచ్చు. బర్బన్ విషయంలో మాత్రం అడగాల్సిందే, ఎందుకంటే దాని లేబుల్ మీద ఉండే ముఖ్యమైన మాటలన్నిటికీ అమెరికా సమాఖ్య నిబంధనల్లో కచ్చితమైన అర్థం ఉంది. బర్బన్ అనాలంటే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే నిల్వ చేయాలి. పీపాలో పోసేటప్పుడు ఆల్కహాల్ 62.5 శాతం మించకూడదు, సీసాలో పోసేటప్పుడు 40 శాతానికి తగ్గకూడదు. అమెరికాలోనే తయారవ్వాలి. 1964లో అమెరికన్ కాంగ్రెస్ దీన్ని తమ దేశపు విశిష్ట ఉత్పత్తిగా తీర్మానించింది. కెంటకీలోనే చెయ్యాలన్న నియమం లేదు గానీ, లేబుల్ మీద కెంటకీ అని ఉంటే మాత్రం అక్కడిదే కావాలి. చాలా బ్రాండ్ల సరుకు నిజానికి ఇండియానా రాష్ట్రం లారెన్స్‌బర్గ్‌లో తయారవుతుంది. అలాంటప్పుడు ఏ రాష్ట్రంలో కాచారో లేబుల్ మీద చెప్పాలి. సీసా వెనక్కి తిప్పి ఆ చిన్న అక్షరాల వరుస చదవండి.

ముందువైపు 'స్ట్రెయిట్' అన్న మాట కోసం చూడండి. అది ఉంటే కనీసం రెండేళ్లు పీపాలో ఉన్నట్టు, రంగు గానీ రుచి గానీ కలపనట్టు లెక్క. నాలుగేళ్లకు లోపుదైతే వయసు రాసి తీరాలి. కాబట్టి స్ట్రెయిట్ అని ఉండి వయసు రాయకపోతే కనీసం నాలుగేళ్లదని అనుకోవచ్చు. రాసిన వయసు, కలిపిన పీపాలన్నిటిలోకీ చిన్నదాని వయసు. పన్నెండు అని ఉంటే అందులోని ప్రతి చుక్కకూ పన్నెండేళ్లు నిండాయన్నమాట. అయితే అంకె పక్కన ఏళ్లు అన్న మాట కూడా ఉండాలి. ఒట్టి అంకె ఉంటే అది బ్రాండు పేరులో భాగం కావచ్చు, వయసు అనుకోకండి. 'స్మాల్ బ్యాచ్', 'రేర్', 'రిజర్వ్', 'ఓల్డ్' లాంటి మాటలకు చట్టంలో నిర్వచనం లేదు. అవి చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి.

నాకు అన్నిటికంటే నమ్మకమున్న మాట 'బాటిల్డ్ ఇన్ బాండ్'. పంతొమ్మిదో శతాబ్దంలో పచ్చి సారాయికి రంగులూ రుచులూ కలిపి పాత విస్కీ అని అమ్మేవాళ్లు విపరీతంగా పెరిగితే, దానికి విరుగుడుగా 1897లో ఈ చట్టం వచ్చింది. ఆహార కల్తీ మీద అమెరికా సమాఖ్య చట్టం 1906లో వచ్చింది, అంటే ఇది దానికంటే ముందుదే. ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్లో కాచినది కావాలి. ప్రభుత్వ పర్యవేక్షణ ఉన్న గోదాములో కనీసం నాలుగేళ్లు ఉండాలి. సరిగ్గా 50 శాతం, అంటే 100 ప్రూఫ్‌తో సీసాలో పోయాలి. ఎక్కడ కాచారో తెలిపే వివరం లేబుల్ మీద ఉండాలి. బ్యాంకులో పనిచేసిన మీ నాన్నగారికి ఈ కథ చెప్పి ఇస్తే ఇష్టపడతారనే అనుకుంటున్నాను.

వయసు ఎక్కువైతే గొప్పదన్న అభిప్రాయం మనకు స్కాచ్ నుంచి వచ్చింది. స్కాట్లాండ్ చల్లటి దేశం, అక్కడ వాడేవి ఎక్కువగా ఒకసారి వాడేసిన పీపాలు. కెంటకీ వేసవి వేడికి, కొత్త కాల్చిన ఓక్‌లో విస్కీ త్వరగా పండుతుంది. 20 ఏళ్లు దాటితే కలప చేదు పైకి తేలే అవకాశం ఎక్కువ. ఎప్పుడో ఒకసారి నీళ్లో సోడానో కలుపుకుని పుచ్చుకునే పెద్దాయనకు 10 నుంచి 12 ఏళ్లది చక్కగా సరిపోతుంది. ఈగిల్ రేర్ 10, రసెల్స్ రిజర్వ్ 10, నాబ్ క్రీక్ 12 ఈ కోవలోవి. ఇంకాస్త ఘనంగా ఉండాలంటే ఎలైజా క్రెయిగ్ 18 చూడండి. నీళ్లు కలపని బ్యారెల్ ప్రూఫ్ రకాలు మాత్రం వద్దు. గోదాము పై అంతస్తుల వేడికి పీపాలోంచి నీరు ఆవిరై ఆల్కహాల్ శాతం పెరుగుతుంది. జార్జ్ టి. స్టాగ్ కొన్ని సంవత్సరాల్లో 140 ప్రూఫ్ దాటింది. 70 శాతం మించిన మద్యాన్ని విమానంలో హ్యాండ్ బ్యాగులోనూ చెక్-ఇన్‌లోనూ కూడా ఒప్పుకోరు.

పార్శిల్ ఎందుకు వద్దన్నానంటే, అమెరికా పోస్టులో మద్యం పంపడం సమాఖ్య చట్టం ప్రకారం నిషిద్ధం. ప్రైవేటు కొరియర్లు లైసెన్సున్న వ్యాపారుల దగ్గరే తీసుకుంటాయి, మామూలు మనుషుల దగ్గర తీసుకోవు. పెట్టె మీద ఇంకేదో రాసి పంపితే అది తప్పుడు డిక్లరేషన్.

విమానంలో 24 నుంచి 70 శాతం మధ్య మద్యం, సీలు తీయని సీసాల్లో, ఒక్కొక్కరు 5 లీటర్ల దాకా చెక్-ఇన్ బ్యాగులో పెట్టుకోవచ్చు. అది విమాన భద్రత లెక్క. మన కస్టమ్స్ లెక్క వేరు, అక్కడ సుంకం లేకుండా వచ్చేది మనిషికి 2 లీటర్లే. అమెరికాలో మామూలు సీసా 750 మిల్లీలీటర్లు కాబట్టి రెండు తెస్తే 1.5 లీటర్లు, మూడోది పెడితే పరిమితి దాటిపోతుంది. శంషాబాద్‌లో దిగాక అరైవల్ డ్యూటీఫ్రీలో కొనేది కూడా ఈ 2 లీటర్లలోకే వస్తుంది. చాలామంది ఇక్కడే దొరికిపోతారు. దారిలో విమానం మారేటప్పుడు బయటకు వెళ్లి సామాను తీసుకునే పని కువైట్ లాంటి దేశంలో పెట్టుకోకండి, అక్కడ మద్యం తేవడమే నేరం.

పరిమాణంతో పాటు విలువ కూడా చూస్తారు. 2016 బ్యాగేజీ నిబంధనల్లో 50,000 రూపాయలున్న సుంకం లేని పరిమితిని 2026 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త నిబంధనల్లో 75,000కు పెంచారు. మీ సీసా, అమ్మగారికి తెచ్చే కానుకలు, తమ్ముడికి తెచ్చే వాచీ అన్నీ కలిపి ఆ లోపల ఉండాలి. 100 డాలర్ల బర్బన్ అయితే ఆ ఊసే రాదు. వేల డాలర్ల పాపీ అయితే అదొక్కటే పరిమితి దాటేస్తుంది, పైగా విలువ చూపించడానికి మీ దగ్గర బిల్లు కూడా ఉండదు. దాటిందని అనుమానం ఉంటే, చూపించాల్సింది ఏమీ లేనివాళ్లు వెళ్లే గ్రీన్ ఛానెల్‌లోకి వెళ్లకండి. కస్టమ్స్ చట్టం, 1962లోని 77వ సెక్షన్ కింద రెడ్ ఛానెల్‌లో డిక్లేర్ చేసి సుంకం కట్టండి. దాచి దొరికితే సీసా జప్తు చేస్తారు, జరిమానా కూడా పడుతుంది. డిక్లేర్ చేశాక సుంకం కట్టడం ఇష్టం లేకపోతే 80వ సెక్షన్ కింద సీసాను అక్కడే ఉంచమని కోరవచ్చు. అధికారి అనుమతిస్తే తిరుగు ప్రయాణంలో తీసుకెళ్లొచ్చు. ఈ హక్కు నిజం చెప్పినవాళ్లకే ఉంటుంది.

ఇప్పుడు అసలు చోటు. కస్టమ్స్ దాటింది కదా, ఇక దేశంలో ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చనుకోవడం పొరపాటు. మన రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కస్టమ్స్ సుంకాలు కేంద్ర జాబితాలో, మద్యం దగ్గర ఉంచుకోవడం, రవాణా చేయడం, కొనడం, అమ్మడం రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. కాబట్టి శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్లు వదిలేసిన సీసాను సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టులో ఆపే అధికారం ఆంధ్రప్రదేశ్ వాళ్లకుంది. బయటి రాష్ట్రాల నుంచి మూడు సీసాలు తెచ్చుకోవచ్చని 2020 సెప్టెంబరులో ఏపీ హైకోర్టు చెప్పింది. ఆ ఏడాదే ప్రభుత్వం నిబంధనలు సవరించి, పర్మిట్ లేకుండా తేకూడదని మార్చింది. ఆ తర్వాత మద్యం పాలసీలు మారాయి. అందువల్ల పాత వార్త చూపించి వాదించే ఉద్దేశంతో బయల్దేరకండి.

మీరు చేయాల్సింది ఇది. బయల్దేరడానికి కనీసం రెండు మూడు వారాల ముందు, విజయవాడలోని ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్ శాఖ జిల్లా కార్యాలయంలో మీ నాన్నగారి చేత రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టించండి. విదేశం నుంచి కొడుకు తెస్తున్న ఫలానా బ్రాండు సీసా, ఇన్ని మిల్లీలీటర్లు, సొంత వాడకానికి, ఫలానా తేదీన హైదరాబాద్ నుంచి రోడ్డు మార్గంలో అని స్పష్టంగా రాయండి. బిల్లు కాపీ, టికెట్ కాపీ జతచేయండి. పర్మిట్ అక్కర్లేదని వాళ్లంటే ఆ మాట కాగితం మీద తీసుకోండి, కనీసం దరఖాస్తు అందినట్టు స్టాంపు వేయించుకోండి. ప్రయాణంలో సీసా సీలు తీయకండి, హైదరాబాద్‌లో బంధువుల ఇంట్లో రుచి చూడ్డానికైనా సరే. బిల్లు, బోర్డింగ్ పాస్, సుంకం కట్టి ఉంటే ఆ రసీదు అన్నీ కారులో చేతికందేలా పెట్టుకోండి. ఆపితే సీసా ఉందని ముందే చెప్పి కాగితాలు చూపించండి.

ఒకవేళ పర్మిట్ నిరాకరించారనుకోండి, సీసాతో సరిహద్దు దాటే ప్రయత్నం చేయకండి. మీ నాన్నగార్నే రెండు రోజులు హైదరాబాద్ రమ్మని అక్కడే ఇవ్వండి. లేదంటే ఆయన మీ దగ్గరకు కొలంబస్ వచ్చినప్పుడు ఇవ్వండి, కెంటకీ డిస్టిలరీలు కారులో ఒక్క రోజులో వెళ్లి వచ్చే దూరంలోనే ఉన్నాయి.