ముందు ఆ కోటు చూపించు

అమ్మాయీ,

అమెరికా కంట్రీ (పల్లె బాణీ) గాయని డాలీ పార్టన్ ‘కోట్ ఆఫ్ మెనీ కలర్స్’ (రంగురంగుల కోటు) ఆల్బమ్ మీద నువ్వు పంపిన వ్యాసం నిన్న రాత్రి ఒకసారి, పొద్దున్నే కాఫీ తాగుతూ ఇంకోసారి చదివాను. రెండోసారి చేతిలో పెన్సిల్ ఉంది. ‘గుండెను పిండేసే’, ‘మనసును కదిలించే’, ‘కంటతడి పెట్టించే’... మొదటి పేజీలోనే 11 చోట్ల గీత గీశాను. కోటు మాత్రం నాలుగో పేజీ దాకా కనపడలేదు. తీరా కనపడ్డాక ‘పేదరికానికి ప్రతీక’ అని రాశావు. అక్కడ నాకు కోపం వచ్చింది. ఈ ఉత్తరం అందుకే.

అది ప్రతీక కాదమ్మా, కోటు. టెన్నెస్సీ కొండల్లో, సెవియర్ కౌంటీలో, 12 మంది పిల్లలున్న ఇంట్లో ఒక తల్లి కుట్టిన కోటు. చలి ముంచుకొస్తోంది, చిన్న డాలీకి తొడుక్కోవడానికి ఏమీ లేదు. ఎవరో ఒక పెట్టెడు గుడ్డపీలికలు ఇచ్చారు. ఆవిడ ఒక్కో ముక్కా కలిపి కుడుతూ బైబిల్లో యోసేపు కథ చెప్పింది. తండ్రి ముద్దుగా కుట్టించిన అంగీ కథ. (మన తెలుగు బైబిల్లో దాన్ని ‘విచిత్రమైన నిలువుటంగీ’ అన్నారు. ఎంత చక్కటి మాట! నువ్వేమో ‘బహువర్ణ వస్త్రం’ అని రాశావు.) ప్యాంటుకు అతుకులు, రెండు బూట్లకూ చిల్లులు. అయినా పిల్ల ఆ కోటు వేసుకుని గొప్పగా బడికి వెళ్లింది. అందరూ నవ్వారు. ఆల్బమ్ పేరుతోనే ఉన్న మొదటి పాటలో ఉన్నది ఇదే. నువ్వు పెట్టిన విశేషణాల్లో ఒక్కటైనా అందులో ఉందేమో వెతికి చూడు.

1971, ఆర్‌సీఏ రికార్డు కంపెనీ, నాష్‌విల్, ఆ పాటకు కంట్రీ పాటల చార్టులో 4వ స్థానం... అన్నీ మొదటి పేరాలోనే గుమ్మరించావు. తప్పు ఒక్కటీ లేదు. కానీ ఆ పాటను డాలీ 1969లో, తనతో కలిసి పాడే స్టార్ గాయకుడు పోర్టర్ వ్యాగనర్ టూర్ బస్సులో, చేతికి కాగితం అందక, ఆయన డ్రై క్లీనింగ్ రసీదు మీద రాసుకుందన్న సంగతి కూడా నీకు తెలుసు. తెలిసి కూడా దాన్ని చివరి పేరాలోకి నెట్టి ‘మరో ఆసక్తికర విషయం’ అన్నావు. చిరుగు గుడ్డల కోటు మీద పాట, ఒక స్టార్ ఖరీదైన బట్టలు ఉతికిన రసీదు మీద పుట్టింది! నేనైతే వ్యాసం అక్కడే మొదలుపెట్టేదాన్ని.

ఇంకో మాట. ఆ పిల్లలు నవ్వి ఊరుకోలేదు, తనను చీకటి గదిలో పెట్టి తలుపు మూశారని డాలీ ఆ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకుంది. పాటలోకి మాత్రం దాన్ని రానివ్వలేదు. అది పెట్టి ఉంటే వినేవాళ్ల చూపు ఆ గది మీదే ఉండిపోయేది, అమ్మ కుట్టిన కోటు మీద నిలిచేది కాదు. నువ్వు ఆ చీకటి గది గురించి పేజీన్నర రాశావు.

నా మొదటి కథ మా అమ్మ కుట్టిన బొంత మీద. అడుగున నాన్న పాత పంచె, పైన అమ్మ నేతచీర, ఒక మూల నా చిన్నప్పటి గౌను ముక్క. దాని జేబు విప్పకుండా అలాగే కుట్టేసింది అమ్మ. రాత్రిళ్లు ఆ జేబులో చెయ్యి పెట్టుకుని పడుకునేదాన్ని. దాని గురించి ఆరు వాక్యాలు రాశాను. ఒక వారపత్రిక ఎడిటర్ గారు ఆ ఆరూ కొట్టేసి, ‘అయ్యో, దారిద్ర్యం ఎంత క్రూరమైనది!’ అని తన సొంత వాక్యం చేర్చి అచ్చు వేశారు. పత్రిక తెచ్చి అమ్మకు చదివి వినిపించాను. అంతా విని, “ఇందులో మన బొంత లేదేమే?” అంది. 40 ఏళ్లయినా ఆ ఎడిటర్ గారిని నేను క్షమించలేదు. ఆ తర్వాత మూడేళ్లు ఆయనకు కావలసినట్టే రాశాను, అందుకు నన్ను నేనూ క్షమించుకోలేదు. ఆ కథల్లో ఒక్కటి కూడా నా సంపుటాల్లో లేదు. ఇప్పటి ఎడిటర్లు ‘ఎమోషనల్ కనెక్ట్’ కావాలంటున్నారట. పేరు మారింది, అడిగేది అదే. ఇవ్వకు.

పాట చివర్లో డాలీ కూడా నీతి చెప్పింది కదా అంటావు. చెప్పింది. డబ్బు లేనంత మాత్రాన పేదవాళ్లం కామంది. కానీ అప్పటికి కోటు మొత్తం కుట్టి, మనకు తొడిగి, మనల్ని కూడా బడికి తీసుకెళ్లి నవ్వించుకుని వచ్చింది. ఆ మాట అనే హక్కు అలా వచ్చింది.

అన్నట్టు, ఆల్బమ్ మీద వ్యాసమని చెప్పి ఒక్క పాటతో సరిపెట్టావు. పది పాటల్లో ఏడు ఆవిడ రాసినవే. రెండో పాట ‘ట్రావెలింగ్ మ్యాన్’ విన్నావా? కూతురు ఊళ్లు తిరిగే మనిషిని ప్రేమిస్తే, ఆఖరికి తల్లే వాడితో వెళ్లిపోతుంది. కోటు కుట్టిన అమ్మ పాట పక్కనే ఈ అమ్మను కూడా పెట్టింది చూడు, అదీ ధైర్యం. నువ్వు ‘అమ్మ అంటే దేవత’ అని ముగించావు. రెండు పాటలూ వెంటవెంటనే విని ఆ వాక్యం మళ్లీ రాయి.

పుస్తకం వేయడం గురించీ, ముందుమాట గురించీ అడిగావు. ఆ సంగతి ఇప్పుడు వద్దు.

మూడో పేజీలో, మీ నాయనమ్మ చిరిగిన చీర అంచు కత్తిరించి నీ దిండు గలీబుకు కుట్టిందని ఒకే ఒక్క వాక్యం రాశావు. దాని కింద నేను గీత గీయలేదు, పక్కన టిక్కు పెట్టాను. ఆ అంచు ఏ రంగు? చేత్తో కుట్టిందా, మిషన్ మీదా? పడుకుంటే చెంపకు గుచ్చుకునేదా? నాకు అది రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య లాంటి దాన్ని