బోటు ఒడ్డునే ఉంది కదా అని బీమా ఆపేశారా?

ప్రశ్న: కాకినాడలో నాకూ మా బావకూ కలిపి ఒక చెక్క మరబోటు ఉంది. వేట నిషేధం రెండు నెలలూ దాన్ని ఎలా ఉంచాలో తేల్చుకోలేకపోతున్నాం. యార్డులో పైకి లాగించి, షెడ్డు కింద పెట్టి మరమ్మతులు చేయిస్తే రూ.2 లక్షలు అవుతుంది. మా చేపలు కొనే వ్యాపారి నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. లేదంటే జెట్టీలోనే కట్టేసి టార్పాలిన్ కప్పేస్తాం. బోటు కదలదు కాబట్టి ఈసారి బీమా రెన్యువల్ చేయలేదు, ఆ డబ్బు మిగిలింది. ఏది మంచిది?

జవాబు: షెడ్డా, టార్పాలినా అన్నది తర్వాత చూద్దాం. చివర్లో మామూలుగా రాసేశారే, ఆ బీమా సంగతి, నాకు టెన్షన్ దానితోనే. ఏప్రిల్ వచ్చిందంటే ఇలా లెక్కేసే యజమానులు చాలామంది ఉంటారు. మీ ప్రశ్న తీసుకున్నది అందుకే.

2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో సుమారు 40 బోట్లు అగ్నిప్రమాదంలో చిక్కుకున్నాయి. అవేవీ నడిసముద్రంలో లేవు, జెట్టీలో పక్కపక్కన కట్టేసి ఉన్నాయి. ఒకదాని మంట ఇంకోదానికి అంటుకుంది. మీ బోటు మీరెంత జాగ్రత్తగా ఉంచినా, పక్క బోటువాడి జాగ్రత్త మీ చేతుల్లో ఉండదు. అప్పుడు ప్రభుత్వం నష్టంలో 80 శాతం పరిహారం ప్రకటించిన మాట నిజమే. అది ఆ ఒక్క ప్రమాదానికి తీసుకున్న నిర్ణయం. రేపు మీకూ అలాగే ఇస్తారని ఎక్కడా రాసి లేదు.

పైగా నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. మధ్యలో మే నెల, తుపాన్ల కాలం. 2010 మేలో లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది. 2022 మేలో అసని మచిలీపట్నం, నరసాపురం వైపు వచ్చింది. బోట్లన్నీ ఒడ్డున ఉండే రోజులే అవి.

కాబట్టి ముందు బీమా. గడువు దాటింది కనుక కంపెనీ బోటును మళ్లీ తనిఖీ చేస్తామనొచ్చు, చేయనివ్వండి. కొత్త పాలసీ తీసుకునేటప్పుడు మూడు విషయాలు అడగండి. కట్టేసి ఉన్న కాలానికి ప్రీమియం ఏమైనా తగ్గుతుందా? యార్డులో మరమ్మతు జరుగుతుండగా నష్టమైతే వర్తిస్తుందా? వలలు లెక్కలోకి వస్తాయా? జవాబులు కాగితం మీదే తీసుకోండి, ఏజెంటు నోటిమాట చాలదు.

ఇక ఆ వ్యాపారి అప్పు. వద్దు. రూ.2 లక్షలకు నెలకు రూ.6,000, నాలుగు నెలలకు రూ.24,000. ఏడాదికి 36 శాతం! ఇది కాక, అప్పు తీరేదాకా చేపలు అతనికే, అతను చెప్పిన రేటుకే పోయాలి. ఆ తగ్గింపు ఏ నోటులోనూ కనబడదు కాబట్టి ఎవరూ లెక్కేసుకోరు. మత్స్యకారులకు కూడా కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది. రూ.2 లక్షల వరకు 7 శాతం, సకాలంలో కడితే 4 శాతమే పడుతుంది. 4 శాతం లెక్కన అదే నాలుగు నెలలకు వడ్డీ రూ.2,700 లోపే. బ్యాంకు చుట్టూ నాలుగుసార్లు తిరగాలంటే విసుగే, కానీ ఇరవై వేల తేడా ఉంది.

అసలు మొత్తం రెండు లక్షలూ ఇప్పుడే కావాలా? అడుగు చెక్కలు, అతుకులు చూపించి చాలా కాలమైతే పైకి లాగించండి, ఆ పని మాత్రమే చేయించండి. నీడ మాత్రం తప్పనిసరి, ఎండకు చెక్క ఆరి కుంచించుకుపోయి అతుకులు విడిపోతాయి. అడుగు బాగుంటే జెట్టీ, టార్పాలిన్ చాలు. గాలి ఆడేలా ఎత్తుగా కట్టండి, లేకపోతే లోపల చెమ్మ పట్టి ఇంజిన్ పాడవుతుంది. బ్యాటరీలు ఇంటికి తెచ్చుకోండి, గ్యాస్ సిలిండర్ బోటులో ఉంచొద్దు.

నిషేధ కాలానికి ప్రభుత్వ సాయం రూ.20,000 మీకు వస్తే, దాన్ని బోటుకు పెట్టకండి. అది ఇంటి ఖర్చుకు.

ఇంకొకటి. బోటు రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంది? మీ ఒక్కరి పేరే ఉంటే క్లెయిమ్ డబ్బు మీకే వస్తుంది, బావగారి వాటాకు రుజువు ఉండదు. పాలసీ తీసుకునే ముందే ఇద్దరి పేర్లూ కాగితాల్లోకి ఎక్కించండి.