స్కూలున్న రోజే కడుపునొప్పి... రిపోర్టులన్నీ నార్మల్. మా అబ్బాయికి ఏమైంది డాక్టర్?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అబ్బాయికి 13 ఏళ్లు. నిరుడు మగపిల్లల స్కూల్లో చేర్చాం. అంతకుముందు ఇంట్లో వాడి నోటికి తాళం ఉండేది కాదు. కొన్ని నెలలుగా స్కూలున్న రోజు పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు, వాంతి వచ్చేలా ఉందంటాడు. సెలవు రోజుల్లో ఏమీ ఉండదు. రక్తపరీక్షలు, మూత్రపరీక్ష, స్కానింగ్ అన్నీ నార్మల్. ఇంటికి రాగానే గది తలుపేసుకుంటాడు. ఏమడిగినా విసుక్కుంటాడు. ఎండలు మండిపోతున్నా జాకెట్ వేసుకునే వెళ్తాడు. వాటర్ బాటిల్ ఎలా పంపితే అలాగే నిండుగా తిరిగొస్తోంది. క్లాస్ టీచర్‌ని అడిగితే ‘మీవాడితో మాకు ఏ ఇబ్బందీ లేదు, చాలా నెమ్మదస్తుడు’ అన్నారు. మావారేమో ‘మగపిల్లాడు అన్నాక తట్టుకోవాలి, నీ గారాబమే ఇదంతా’ అంటారు. ఇది నాటకమా, జబ్బా? స్కూలు మార్చేయమంటారా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీవాడిది నాటకం కాదు. రిపోర్టులు నార్మల్ అంటే ఆ పరీక్షల్లో పుండు, రాయి, ఇన్ఫెక్షన్ లాంటివేవీ బయటపడలేదని అర్థం. అంతేగానీ నొప్పే లేదని కాదు. పేగులకూ మెదడుకూ మధ్య నరాల ద్వారా కబుర్లు నిరంతరం నడుస్తూనే ఉంటాయి. భయం వేసినప్పుడు జీర్ణాశయం మందగిస్తుంది, పెద్దపేగు హడావిడి పడుతుంది, మామూలు రోజుల్లో మనకు తెలియని కదలిక కూడా నొప్పిగా తెలుస్తుంది. వికారం, బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు ఉండటం అందుకే. స్కూలున్న రోజు వచ్చి, సెలవు రోజు పోవడం ఈ రకం నొప్పికి బాగా తెలిసిన లక్షణం.

అలాగని కొన్నిటిని వదిలేయకూడదు. నొప్పి నిద్రలోంచి లేపేస్తున్నా, బరువు తగ్గుతున్నా, ఎత్తు పెరగడం ఆగినా, మలంలో రక్తం పడుతున్నా, వాంతులు, జ్వరం విడవకపోయినా, నొప్పి బొడ్డు దగ్గర కాకుండా కుడివైపు కింద నిలిచిపోయినా మళ్లీ చూపించాలి. మగపిల్లల తల్లిదండ్రులకు మరొకటి తప్పకుండా చెప్పాలి. పొత్తికడుపులో గానీ వృషణంలో గానీ ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి, దాంతోపాటు వాంతులు వస్తే వృషణం మెలిపడి ఉండొచ్చు. 12 నుంచి 18 ఏళ్ల మధ్య ఇది ఎక్కువ. సుమారు 6 గంటల లోపు ఆపరేషన్ చేస్తే దాన్ని కాపాడగలిగే అవకాశం చాలా ఎక్కువ, ఆలస్యమయ్యేకొద్దీ తగ్గిపోతుంది. పిల్లలు సిగ్గుపడి ‘కడుపునొప్పి’ అని మాత్రమే చెబుతారు, కొందరు తెల్లారేదాకా పళ్లబిగువున ఓర్చుకుంటారు. ‘అక్కడ నొప్పి వస్తే ఏ టైమైనా సరే నాకు చెప్పు, నేనేమీ అనను’ అని మీవాడికి ఈ రోజే చెప్పండి.

ఇక మీరు రాసినవాటిలో నేను ఆగి మళ్లీ చదివినవి రెండు. వాటర్ బాటిల్, జాకెట్.

బాటిల్ నిండుగా తిరిగొస్తోందంటే పిల్లాడు మరిచిపోతున్నాడని అనుకుంటాం. చాలాసార్లు అది మరుపు కాదు. నీళ్లు తాగితే బాత్రూమ్‌కి వెళ్లాలి, అక్కడికి వెళ్లడం వాడికి ఇష్టం లేదు. మగపిల్లల స్కూల్లో పెద్దవాళ్ల కంటికి ఆనని చోటు బాత్రూమ్. తలుపు తన్నడం, పైనుంచి తొంగిచూడటం, పక్కన నిలబడి కామెంట్లు చేయడం ఎక్కువగా అక్కడే జరుగుతాయి. అందుకని కొందరు పిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బిగబట్టుకుని కూర్చుంటారు. నీళ్లు తాగరు, మలం ఆపుకుంటారు. రోజూ ఇలా జరిగితే మలబద్ధకం గట్టిపడుతుంది, దానివల్ల కడుపునొప్పి, ఆకలి మందగించడం మొదలవుతాయి. స్కానింగ్ నార్మల్‌గా వచ్చినా మలబద్ధకం ఉండొచ్చు. మీవాడు ఎన్ని రోజులకోసారి వెళ్తున్నాడు, గట్టిగా వస్తోందా, నొప్పి ఉందా అని అడగండి. ఈ వయసులో తల్లులకు ఈ సంగతి తెలిసే అవకాశమే ఉండదు, అందుకే అడగమంటున్నాను. మలబద్ధకం ఉంటే డాక్టర్ మలాన్ని మెత్తబరిచే మందు ఇస్తారు, కొన్ని వారాలు వాడాలి, రెండ్రోజులకే ఆపేయకూడదు. పొద్దున ఏదైనా తిన్న తర్వాత పేగు తనంతట తానే కదులుతుంది కాబట్టి, ఆ సమయంలో 5 నుంచి 10 నిమిషాలు కంగారు లేకుండా కూర్చునేలా కాస్త ముందుగా లేపండి.

జాకెట్ సంగతి ఇంకా సున్నితమైనది. 13, 14 ఏళ్ల మగపిల్లల్లో దాదాపు సగం మందికి, అంతకన్నా ఎక్కువమందికి కూడా, రొమ్ము కింద చిన్న బిళ్లలాంటి గట్టిదనం వస్తుంది. తాకితే నొప్పి పుడుతుంది. యుక్తవయసు హార్మోన్ల హెచ్చుతగ్గుల వల్ల వచ్చేదే ఇది, ఎక్కువమందిలో ఏడాది, రెండేళ్లలో దానంతట అదే పోతుంది. ఈ ముక్క ఆ పిల్లాడికి ఎవరూ చెప్పరు. తనకేదో అయిపోయిందని, తాను మగవాణ్ణి కాదేమోనని లోలోపలే కుమిలిపోతాడు. భుజాలు ముందుకు వంచి నడుస్తాడు, గేమ్స్ పీరియడ్‌లో ఏదో వంక చెప్పి పక్కన కూర్చుంటాడు, అందరి ముందు షర్టు మార్చుకోడు. మగపిల్లల్లో యుక్తవయసు 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఎప్పుడైనా మొదలవచ్చు. అంటే ఒకే బెంచీ మీద మీసాలొచ్చినవాడూ, ఇంకా గొంతు మారనివాడూ పక్కపక్కన కూర్చుంటారు. ఎత్తు, గొంతు, ఒళ్లు, అన్నిటికీ పోలిక ఉంటుంది, అన్నిటికీ ఒక పేరు పెట్టేస్తారు. డాక్టర్ పరీక్షించి ‘ఇది మామూలే, నీ క్లాసులో చాలామందికి ఉంది, నీలాగే వాళ్లూ చెప్పట్లేదు’ అంటే సగం భారం అక్కడికక్కడే దిగిపోతుంది. ఇవాళే తీసుకెళ్లి చూపించాల్సిన అత్యవసరం కాదుగానీ, చూపించకుండా ఉండొద్దు.

జాకెట్‌కి వేరే కారణాలు కూడా ఉండొచ్చు. ఎవరో కొట్టిన దెబ్బలు కప్పుకోవడానికి కావొచ్చు, తన చేతిమీద తానే చేసుకున్న గాయాలు కావొచ్చు. బలవంతంగా చేతులు పట్టి చూడకండి. డాక్టర్ దగ్గర మామూలు పరీక్షలో భాగంగా చూడనివ్వండి. అలా వెళ్లినప్పుడు మొదట మీరు చెప్పాల్సింది చెప్పి, తర్వాత పది నిమిషాలు బయట కూర్చోండి. తల్లి పక్కనుంటే ఏ పిల్లాడూ చెప్పని సంగతులు ఉంటాయి. ఇల్లు, చదువు, స్నేహితులు, నిద్ర, పొగ, మత్తు, ఎవరైనా ఒంటిమీద చెయ్యి వేశారా, బతకాలనిపించడం లేదా, ఇవన్నీ మేం ఒక్కొక్కటిగా అడుగుతాం. ప్రాణానికి ముప్పు ఉన్నదీ, ఎవరైనా వాడికి హాని చేస్తున్నదీ తప్ప మిగతాది వాడి అనుమతి లేకుండా మీకు చెప్పం, ఆ మాట వాడికి ముందే చెబుతాం. మగపిల్లల మీద కూడా లైంగిక వేధింపులు జరుగుతాయి, వాళ్లు చాలా ఆలస్యంగా చెబుతారు. అలాంటిదేదైనా నోట వస్తే నమ్మండి, గుచ్చిగుచ్చి పదేపదే చెప్పించకండి, చట్ట ప్రకారం ఫిర్యాదు చేయండి.

క్లాస్ టీచర్ అన్న మాట దగ్గరికొద్దాం. ‘మాకు ఏ ఇబ్బందీ లేదు.’ ఆవిడ అబద్ధం చెప్పలేదు. కానీ మీరు అడిగింది పిల్లాడి ఇబ్బంది గురించి, ఆవిడ చెప్పింది క్లాసు ఇబ్బంది గురించి. నలభై, యాభై మంది మగపిల్లల గదిలో టీచర్ కళ్లు అల్లరి చేసేవాడి మీదే ఉంటాయి. వెనక బెంచీలో నోరెత్తకుండా కూర్చునేవాణ్ణి మంచివాడని వదిలేస్తారు. ఇంకోటి కూడా ఉంది. డిప్రెషన్ అంటే ఏడుస్తూ దిగులుగా కూర్చోవడమని మన ఊహ. ఈ వయసులో, అందులోనూ మగపిల్లల్లో, అది చాలాసార్లు చిరాకుగా, కోపంగా, తలుపు ధడాల్న వేయడంగా బయటపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 10 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటోంది. మీవాడికి ఉందని నేను ఇక్కడినుంచి తేల్చలేను. కానీ ‘నెమ్మదస్తుడు’ అన్న ఒక్క మాటతో లేదని ఎవరూ తేల్చకూడదు.

‘మగపిల్లలన్నాక ఏడిపించుకుంటారు, అందులోంచే గట్టిపడతారు’ అని చాలా స్కూళ్లు మనస్ఫూర్తిగా నమ్ముతాయి. దీనికి నార్వే చాలా పెద్ద మూల్యం చెల్లించింది. అక్కడ 1982 చివర్లో ముగ్గురు మగపిల్లలు ప్రాణాలు తీసుకున్నారు, తోటివాళ్ల వేధింపులే అందుకు కారణమై ఉంటాయని భావించారు. 1983లో ప్రభుత్వం దేశమంతటా స్కూళ్లలో ఈ సమస్య మీద కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పటికే దీనిమీద పరిశోధన చేస్తున్న డాన్ ఒల్వేయస్ బెర్గెన్ నగరంలోని స్కూళ్లలో రూపొందించిన పద్ధతిలో అద్భుతమైన కిటుకేమీ లేదు. ఇంటర్వెల్‌లో పెద్దవాళ్లు బయట తిరగడం, క్లాసులో అందరికీ తెలిసిన రెండు మూడు నియమాలు, జరిగినప్పుడు వెంటనే పట్టించుకోవడం, తల్లిదండ్రులను కలుపుకోవడం. రెండేళ్లలో అక్కడ వేధింపులు దాదాపు సగానికి తగ్గాయి. సరదా ఏది, వేధింపు ఏది అని తేల్చడానికి ఆయన పెట్టిన కొలత ఇప్పటికీ పనికొస్తుంది. కావాలని చేయడం, పదేపదే చేయడం, అవతలివాడు ఎదురు తిరగలేని స్థితిలో ఉండటం. ఈ మూడూ ఉంటే అది సరదా కాదు.

కాబట్టి స్కూలుకి వెళ్లినప్పుడు ‘మావాణ్ణి కాస్త చూసుకోండి’ అని చెప్పి వచ్చేయకండి. ఆ మాటకి అందరూ తలూపుతారు, ఎవరూ చూడరు. ఒక పేరు అడగండి. మావాణ్ణి రోజూ ఒకసారి పలకరించే బాధ్యత ఎవరిది? ఆ మనిషి వాడికి ఇష్టమైన వాళ్లయితే మంచిది, డ్రిల్లు మాస్టరైనా, లైబ్రరీ చూసేవారైనా సరే. స్కూల్లో తనను పేరుతో పలకరించే, తను కనిపించకపోతే గమనించే పెద్దవాళ్లు ఒక్కరున్నా పిల్లాడికి ఎంత ఆసరాగా ఉంటుందో నేను ఎప్పటినుంచో చూస్తున్నాను. ఇంటర్వెల్‌లో బాత్రూమ్‌ల దగ్గర ఎవరుంటున్నారో అడగండి. క్లాసు జరిగేటప్పుడు ఎవరిచేతా నిలదీయించుకోకుండా బయటికి వెళ్లే వీలు వాడికి ఇమ్మనండి. కౌన్సెలర్ ఉంటే, అందరూ చూస్తుండగా మైకులో పేరు పిలిచి పంపకుండా, ఎవరికీ తెలియకుండా కలిసే దారి ఉందో లేదో కనుక్కోండి. మగపిల్లల స్కూల్లో ఆ గది గుమ్మం ముందు కనబడటమే ఇంకో పేరు పెట్టడానికి చాలు. ఇవన్నీ ఒక చిన్న ఉత్తరంగా రాసివ్వండి, రెండు వారాల తర్వాత మళ్లీ కలుస్తానని అందులోనే రాయండి.

ఇంట్లో మాట్లాడేటప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి ‘ఏమైందో చెప్పు’ అనకండి. మగపిల్లలు పక్కపక్కన నడుస్తున్నప్పుడో, బండి మీద వెళ్తున్నప్పుడో, చేతిలో ఏదో పని ఉన్నప్పుడో నోరు విప్పుతారు. ప్రశ్న కూడా చిన్నదిగా ఉండాలి. ‘ఇంటర్వెల్‌లో ఎక్కడ ఉంటావు?’ ‘బస్సులో పక్కన ఎవరు?’ ఒక కాగితం మీద స్కూలు బొమ్మ గీయమనండి, తను వెళ్లని చోట్ల మీద గీత పెట్టమనండి. చెప్పలేనిది చాలామంది పిల్లలు గీసి చూపిస్తారు. ఏదైనా చెబితే వెంటనే కోపంతో ఊగిపోయి స్కూలుకి పరుగెత్తకండి. ‘చెప్పి మంచిపని చేశావు, ఏం చేద్దామో నిన్ను అడిగే చేస్తాను’ అనండి.

మీవారితో నా మాటగా చెప్పండి. పిల్లాడు తట్టుకోవాలన్న ఆయన కోరిక తప్పు కాదు. కానీ తట్టుకునే శక్తి, వెనక నాన్న ఉన్నాడన్న ధైర్యం నుంచి వస్తుంది. ‘నాకూ నీ వయసులో భయాలుండేవి’ అని నాన్న నోటివెంట వస్తే, దాని విలువ నా మందుచీటీకి లేదు.

నొప్పి వచ్చిన ప్రతిరోజూ ఇంట్లో ఉంచేయొద్దు. ఇంట్లో ఉంటే ఆ రోజుకి హాయిగా ఉంటుంది, మర్నాడు వెళ్లడం ఇంకా కష్టమవుతుంది. నొప్పి నిజమేనని ఒప్పుకుంటూనే పంపండి, అవసరమైతే కొన్నాళ్లు సగం పూట. అక్కడ కొట్టడమో, వేధింపో జరుగుతోందని తెలిస్తే మాత్రం అది ఆగే ఏర్పాటు జరిగాకే పంపండి. రాత్రి ఫోన్ గది బయట ఉండాలి. ఈ వయసుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, ఏడిపించే మెసేజ్‌లు అర్ధరాత్రి కూడా వస్తాయి.

‘నేను లేకపోతే బాగుండు’ లాంటి మాటలు, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం, ఒంటిమీద కోతలు కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఆ రోజే సైకియాట్రిస్ట్ దగ్గరికో ఎమర్జెన్సీకో తీసుకెళ్లండి, అప్పటిదాకా ఒంటరిగా వదలకండి. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగొచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అడిగినందుకు ఊపిరి పీల్చుకునే పిల్లలే ఎక్కువ.

స్కూలు మార్చడం గురించి అడిగారు. ఇప్పుడే వద్దు. ముందు మలబద్ధకం, జాకెట్ సంగతి డాక్టర్‌తో తేల్చుకోండి, స్కూలుకి ఉత్తరం ఇవ్వండి, ఆరు వారాలు చూడండి. ఈలోగా ఫలానా మనిషి అని ఒక పేరు కూడా చెప్పలేకపోతే, లేదా వేధింపు తెలిసి కూడా ‘మగపిల్లలు అంతే’ అని కొట్టిపారేస్తే, అప్పుడు వెనకాడకుండా మార్చేయండి. ఎక్కడికి మార్చాలో మాత్రం వాణ్ణి కూర్చోబెట్టుకుని, వాడితో కలిసి ఆ స్కూలు చూసొచ్చి నిర్ణయించండి. చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంటర్వెల్ టైముకి వెళ్లండి.